మెట్టనేలయు వెండితెరయు: శ్యామ్ బెనెగల్ గారి కృషి

నల్లగొండ, పాలమూరు సీమలు మెట్టనేలలు. వానలు కురిసిననాడు జొన్నయు ఆముదమును పండును. కురియనినాడు పాలమూరు కూలీలు మూటాముల్లె కట్టుకొని దూరప్రాంతముల ఆనకట్టల పనులకు తరలిపోవుదురు. దొరల గడీలు, వెట్టిచాకిరి, వానిపై తిరుగుబాటు ఈ నేల చరిత్రలో ముఖ్య ఘట్టములు. నిజాం రాష్ట్రమున కవులు పూజ్యమను ఆక్షేపణకు పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించి, 354 మంది కవులను చూపి బదులు చెప్పిరి. అచ్చులో మనకు అట్టి బదులు దొరికినది. వెండితెరపై మాత్రము తెలంగాణా పల్లె బ్రతుకు చాలకాలము ఉన్నదున్నట్లు కానరాలేదు. ఆ కొరతను తీర్చినవారిలో ముందుగా స్మరింపదగినవారు శ్యామ్ బెనెగల్ గారు.

ఆయన 1934 డిసెంబరు 14న సికింద్రాబాదు చేరువనున్న తిరుమలగిరిలో జన్మించిరి. మాతృభాష కొంకణి. తండ్రి ఛాయాచిత్రకారుడు. తండ్రి కెమెరాతోనే పండ్రెండవ యేట బాలుడు తన తొలి చిత్రమును తీసెను. నిజాం కళాశాలలో చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రమభ్యసించి, హైదరాబాదులో ఫిలిం సొసైటీని నెలకొల్పిరి. 1959లో బొంబాయి చేరి ప్రకటనల సంస్థలో రచయితగా కుదిరిరి. క్షణములలో విషయము చెప్పి ముగింపవలసిన వృత్తి అది. మాటల పొదుపు ఆయనకు అచటనే అలవడినదని తోచును. 1962లో గుజరాతీ భాషలో తొలి డాక్యుమెంటరీ తీసిరి.

కళాశాల దినములలో విన్న యథార్థ సంఘటన నాధారముగా వ్రాసికొన్న కథ ఆయన మనస్సులో ఏండ్ల తరబడి నిలిచియుండెను. దానిని తెరకెక్కించుటకు నిర్మాతలు ముందుకు రాలేదు. తుదకు ప్రకటన చిత్రములను పంపిణీచేయు బ్లేజ్ సంస్థ ధనసహాయము చేయగా 1974లో ‘అంకుర్’ వెలువడెను. దొర కొడుకు, అతని యింట పనిచేయు లక్ష్మి, ఆమె మూగభర్త కిష్టయ్య ఇందలి ముఖ్య పాత్రలు. హైదరాబాదు చుట్టుప్రక్కల పల్లెలోనే, దక్ఖనీ యాసలోనే చిత్రము నడచెను. కడపట ఒక బాలుడు దొర యింటి కిటికీపై రాయి విసరును. ఆ చిన్న రాయిలో రాబోవు కాలమంతయు ఇమిడియున్నది.

మరుసటి యేట వచ్చిన ‘నిశాంత్’ 1945 నాటి తెలంగాణా పల్లె కథ. దీనికి విజయ్ టెండూల్కర్ గారు చిత్రానువాదము వ్రాసిరి. బడిపంతులు భార్యను దొర సోదరులు ఎత్తుకొనిపోగా న్యాయము చెప్పువారు లేరైరి. ఊరు తిరుగబడినపుడు దోషులతో కూడ నిర్దోషులును హతులైరి. 1946లో నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిమ్మట జరిగిన పోరాటమెరిగిన మన ప్రాంతమువారికి ఈ ముగింపు సులభముగా మింగుడుపడదు. చరిత్రను పొగడ్తగా మార్చక, దాని మూల్యమును కూడ చూపుటయే బెనెగల్ గారి నిజాయితీ. ఈ చిత్రము 1976లో కాన్ చిత్రోత్సవపు పోటీలో నిలిచెను.

టెలివిజన్ తోడి ఆయన సంబంధమునకును మన సీమతో పొత్తు కలదు. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరకాలము అమెరికా ఉపగ్రహ సహాయముతో ఆరు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములు జరిగినవి. ఆ ప్రయోగమునకు ఎన్నుకొన్న జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు కార్యక్రమములు వచ్చెడివి. చేతిలో పలక సరిగా లేని పిల్లలకు ఆకాశమునుండి పాఠము దిగివచ్చెను! ఆ ప్రయోగము కొరకు బెనెగల్ గారు యునిసెఫ్ తోడ్పాటుతో 21 చిన్న చిత్రములను తీసిరి. ఆ పనిలో పరిచయమైన జానపద కళాకారులతోను పిల్లలతోను ‘చరణ్‌దాస్ చోర్’ రూపొందెను.

డబ్బు పెట్టువాని ఇష్టమే కథకు హద్దగుచున్న వృత్తిలో ఆయన వేరొక దారి వెదకిరి. 1976లో ‘మంథన్’ చిత్రమునకు గుజరాతు పాడిరైతులు అయిదు లక్షలమంది తలకు రెండేసి రూపాయలు చందా వేసికొనిరి. 1987లో పోచంపల్లి నేతగాండ్ర బ్రతుకుపై తీసిన ‘సుస్మన్’కు చేనేత సహకార సంస్థల సమాఖ్య ధనసహాయము చేసెను. పోచంపల్లి 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావేగారికి వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములిచ్చిన భూదాన గ్రామము. నాడు నల్లగొండ జిల్లాలోనిది, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. నూలును ముందే ముడులు కట్టి, రంగులలో ముంచి, పిదప మగ్గమెక్కించు అచటి పనితనము లోకప్రసిద్ధము. లోకమునకు వన్నెచీరలు నేయు రాములు తన కూతురి పెండ్లికి పట్టుచీర నేయుటకై అప్పగించిన పట్టులో కొంత దాచుకొనవలసివచ్చెను. ‘అంకుర్’లో దొర గడప దాటలేని బీదతనమే ఇచట మగ్గము గుంటలో కూర్చున్నది.

1988లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ 53 భాగముల మహాప్రయత్నము. అహమద్‌నగర్ కోటలో బందీగానుండి 1944లో నెహ్రూగారు వ్రాసిన గ్రంథము దానికి మూలము. 2014లో రాజ్యాంగ రచనను ‘సంవిధాన్’ పేర పది భాగములుగా తీసిరి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును పొంది, 2024 డిసెంబరు 23న కన్నుమూసిరి.

ఒక లోటును గూడ చెప్పుకొనవలెను. మన పల్లెల కథలను లోకము హిందీలో వినెను. బెనెగల్ గారు తెలుగున తీసిన కథాచిత్రము 1978 నాటి ‘అనుగ్రహం’ ఒక్కటే. అందును మూలకథ మరాఠీది. కిషన్ చందర్ గారి ఉర్దూ నవల ఆధారముగా బి. నర్సింగరావుగారు నిర్మింపగా గౌతమ్ ఘోష్ గారు దర్శకత్వము వహించిన ‘మా భూమి’ వచ్చి, తెలంగాణా పోరును తెలంగాణా పలుకుబడిలోనే వినిపించెను. నల్లగొండ కవి సుద్దాల హనుమంతుగారి పాట అందు మారుమ్రోగెను. అయినను, ఈ నేలపై కథ కలదని దేశమునకు ముందుగా చాటిన ఘనత ‘అంకుర్’ది.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు ఈ జీవితము చెప్పునది స్పష్టము. ఊరివారు ఆయన వెనుక నడచినపుడు ఆయనకు స్వాతంత్ర్యము చిక్కెను. గ్రంథము ఆయన చేతనున్నపుడు దేశచరిత్ర ఇంటింటికి చేరెను. మన యూరి వృద్ధుల నోట నేటికిని మిగిలియున్న గడీల కథలు, వలస కథలు వ్రాయబడక పోవుచున్నవి. వానిని వ్రాసి ఈ బీరువాలలో నిలుపుట యువకుల విధి. రేపు కెమెరా పట్టుకొని వచ్చు బిడ్డకు, మన భాషలో మన కథ ఇచటనే దొరకవలెను.