సముద్రంలో పడింది పాపమా, బాకీనా?



కొన్ని నెలల క్రితం మన ప్రాంతంలోని ఒక ఆరాధనలో ఒక సహోదరుడు లేచి సాక్ష్యం చెప్పాడు. తన పాపాలన్నీ దేవుడు సముద్రపు అగాధంలో పడవేశాడనీ, ఇక తనకు ఏ భారమూ లేదనీ కన్నీళ్లతో చెప్పాడు. అందరూ స్తోత్రం అన్నారు, మేము కూడా అన్నాము. ఆయన వెనుక వరుసలో ఒక విధవరాలు కూర్చుని ఉంది. కూతురి పెండ్లి కోసం బర్రెలమ్మి దాచుకున్న అరవై వేలు ఆమె దగ్గర చేబదులుగా తీసుకుని, మూడేండ్లుగా తిప్పుతున్నది ఆ సహోదరుడే. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా ఆ రోజు ప్రభురాత్రి భోజనంలో ఆయన చేతికి రొట్టె ఇచ్చాము.

సాయంత్రం యవ్వనస్థుల కూటంలో ఇంటర్ చదివే పిల్లవాడొకడు అడిగాడు. "అయ్యగారూ, ఆయన పాపాలు సముద్రంలో పడినాయంటిరి. ఆయమ్మ డబ్బులు గూడా ఆ సముద్రంలోనే పడినాయా?"

మాకు జవాబు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా రాలేదు. ఆ పిల్లవాని ప్రశ్న కొత్తది కాదు. సంఘ చరిత్ర పొడవునా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. క్షమాపణ ఉందని నమ్మినవాడు పాపానికి భయపడతాడా? పరలోకం ఉందని నమ్మినవాడు ఈ లోకంలో జరిగే అన్యాయాన్ని పట్టించుకుంటాడా? ఈ వారం ఆ చరిత్రలోకి మీతోపాటు కొంచెం నడుద్దామని ఆశపడుతున్నాము.

మన దేశపు మనిషి ఒకరు ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నారు. 1893లో గాంధీగారు దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఉన్నప్పుడు ప్లిమత్ బ్రదరన్ సహవాసానికి చెందిన ఒక విశ్వాసి ఆయనతో వాదించాడు. పాపం చేయకుండా మనిషి ఉండలేడు, కాబట్టి ఆ భారమంతా క్రీస్తు మీద వేసి నెమ్మదిగా ఉండాలన్నది అతని వాదన. గాంధీగారు తన ఆత్మకథలో వ్రాసుకున్న జవాబు సారాంశం ఇది: పాపఫలితం నుండి తప్పించుకోవడం తనకు అక్కరలేదు, పాపం నుండే విడుదల కావాలి. అంతవరకు తనకు నెమ్మది లేకపోయినా ఫరవాలేదు. ఆ విశ్వాసి తరువాత కావాలనే తప్పులు చేసి, వాటివల్ల తనకు ఏ కలతా లేదని చూపించాడట. అయితే క్రైస్తవులందరూ అలాంటివారు కాదని, దేవుని భయంతో నడిచే స్నేహితులు తనకు ఉన్నారని కూడా గాంధీగారు వ్రాశారు. ఆ మాట ఆయన న్యాయబుద్ధికి గుర్తు. కానీ ప్రియులారా, ఆయన ముందు మన విశ్వాసం ఓడిపోయింది వాదంలో కాదు, ఆ మనిషి ప్రవర్తనలో.

ఇంకా వెనక్కి పోతే జర్మనీ దేశం కనిపిస్తుంది. రోమ్‌లో సెయింట్ పీటర్స్ దేవాలయ నిర్మాణం కోసమని 1515లో పోపు పదవ లియో పాపశిక్ష మినహాయింపు పత్రాలకు అనుమతి ఇచ్చాడు. వచ్చిన సొమ్ములో సగం ఆల్బ్రెక్ట్ అనే ఆర్చిబిషప్పు తన పదవి కోసం ఫుగ్గర్ షావుకార్ల దగ్గర చేసిన అప్పు తీర్చడానికి పోయింది. టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి ఆ పత్రాలు అమ్మాడు. చనిపోయిన తల్లిదండ్రుల కోసమని బీదలు కూడా కొన్నారు. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ వెలుపెట్టిన 95 ప్రతిపాదనలలో ఒకటి ఏమంటే, ఈ పత్రం కొనడం కంటే బీదవానికి ఇవ్వడం, అక్కర ఉన్నవానికి అప్పివ్వడం మేలు అని. క్షమాపణ అమ్మకపు సరుకు అయినచోట పొరుగువాడు కనబడకుండా పోతాడని ఆయన గ్రహించాడు.

ఇది పాత కథ, మనం ప్రొటెస్టెంటులం, మనకు అంటదు అనుకోకండి. ఇప్పుడు చెప్పేది మనం ప్రేమించి పాడుకునే పాట వ్రాసిన మనిషి గురించి.

'అమేజింగ్ గ్రేస్' వ్రాసిన జాన్ న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. 1748 మార్చిలో అట్లాంటిక్ సముద్రంలో ఓడ మునగబోతున్నప్పుడు దేవునికి మొరపెట్టాడు, బ్రదికాడు. ఆ రోజును బ్రదుకంతా జ్ఞాపకం చేసుకున్నాడు. మన ప్రసంగాల్లో కథ ఇక్కడ ఆగిపోతుంది. తుఫాను వచ్చింది, బానిస వ్యాపారి మారాడు, పాట వ్రాశాడు, హల్లెలూయ. జరిగింది అది కాదు. మారుమనస్సు పొందిన తరువాతే ఆయన బానిసల ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1750 నుండి 1754 వరకు మూడు ప్రయాణాలు చేశాడు. ఆదివారం నావికులను కూర్చి ఆరాధన జరిపేవాడు. అదే ఓడ అడుగున ఆఫ్రికా మనుషులు సంకెళ్లలో పడి ఉండేవారు. తిరుగుబాటు పథకం ఒప్పించడానికి పిల్లల బొటనవ్రేళ్లను మరచీలల మధ్య బిగించినట్టు ఆయన దినచర్య పుస్తకంలోనే ఉంది. 1754లో ఆ పని మానింది మనస్సాక్షి గద్దించినందుకు కాదు, జబ్బు చేసినందుకు.

1764లో ఓల్నీ అనే ఊరిలో పాదిరి అయ్యాడు. 1772 చివరిలో ఆ పాట వ్రాశాడు. బానిస వ్యాపారం తప్పని బహిరంగంగా చెప్పింది 1788లో. ఆ వ్యాపారం మాని అప్పటికి 34 ఏండ్లు. ఆ సంవత్సరం వెలువరించిన చిన్న పుస్తకంలో, ఈ ఒప్పుకోలు ఆలస్యంగా వస్తోందనీ, ఒకప్పుడు తాను చేసిన పనిని తలచుకుంటే గుండె వణుకుతుందనీ ఒప్పుకున్నాడు. ప్రభుత్వ విచారణలో సాక్ష్యం చెప్పాడు. తన సలహా కోసం వచ్చిన యువ పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్‌ను రాజకీయాల్లోనే ఉండి దేవుని పని చేయమని ప్రోత్సహించాడు. 1807 మార్చిలో బానిస వ్యాపార నిషేధ చట్టం వచ్చింది. అదే డిసెంబరులో న్యూటన్ ప్రభువునందు నిద్రించాడు.

ఆయన రక్షణ అబద్ధమని మేము అనము, తీర్పు తీర్చేవాడు వేరే ఉన్నాడు. కానీ ఒక్క మాట. త్రాగుడు, దూషణ ఆయనకు వెంటనే పాపంగా కనిపించాయి. పొరుగువాని మెడకు సంకెల వేయడం మాత్రం ఏండ్ల తరబడి పాపంగా కనిపించలేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న మర్యాదస్థులంతా అది న్యాయమైన వ్యాపారమే అనుకున్నారు. మన సంఘాల్లో కూడా సారా త్రాగినవానిని నిలబెట్టి అడుగుతాము. కూలి ఎగవేసినవానిని ముందు వరుసలో కూర్చోబెడతాము.

ఇక మన ఇంటి మాట. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపు మన పెద్దలకు సువార్త తెచ్చిన మిషనుల్లో ఎస్.పి.జి. ముఖ్యమైనది. 1701లో ఇంగ్లండులో స్థాపించిన సొసైటీ అది. మాలపల్లెల్లో బడి పెట్టింది వాళ్లే, మన తాతల చేతికి పలక ఇచ్చింది వాళ్లే. ఆ మేలు మరువరానిది. అదే సొసైటీకి 1710లో క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే ధనవంతుడు చనిపోతూ బార్బడోస్ ద్వీపంలోని చెరకు తోటలను, వాటితోపాటు బానిసలను వ్రాసి ఇచ్చాడు. సొసైటీ పుచ్చుకుంది. కొంతకాలం పాటు అక్కడి బానిసల రొమ్ము మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో 'సొసైటీ' అనే మాట వాతపెట్టారు. ఏ సొసైటీ? సువార్త ప్రచారక సొసైటీ.

1833లో బ్రిటిషు పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసి, 2 కోట్ల పౌండ్లు నష్టపరిహారంగా కేటాయించింది. అది యజమానులకు ఇచ్చిన సొమ్ము. సొసైటీకి కూడా 8,000 పౌండ్లకు పైగా ముట్టింది. వాత తిన్నవానికి ఒక్క పెన్నీ రాలేదు. 2006 ఫిబ్రవరిలో ఇంగ్లండు సంఘపు మహాసభ ఈ పాపాన్ని పేరుపెట్టి ఒప్పుకుని క్షమాపణ కోరింది. 2023లో ఆ సొసైటీ వారసులైన యు.ఎస్.పి.జి. వారు కాడ్రింగ్టన్ ప్రాంతపు ప్రజల కోసం 70 లక్షల పౌండ్లు వెచ్చిస్తామని ప్రకటించారు. ఒప్పుకోలు నుండి చెల్లింపు దాకా రావడానికి ఇంకో 17 ఏండ్లు.

మరి పరలోక నిరీక్షణ సంగతి? అది బీదవాన్ని నిద్రపుచ్చే మందు అని విమర్శకులు అంటారు. అలా వాడినవారు ఉన్నారు. 1807లో లండన్‌లో వెస్టిండీస్ బానిసల కోసమని ఒక కత్తిరించిన బైబిలు అచ్చువేశారు. దాసులు యజమానులకు లోబడాలన్న మాట ఉంచారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుండి విడుదలైన కథ తీసేశారు. క్రీస్తులో దాసుడని స్వతంత్రుడని లేదన్న గలతీ మాట తీసేశారు. ప్రకటన గ్రంథం మొత్తం తీసేశారు. ఎందుకో ఆలోచించారా? ఆ గ్రంథం 18వ అధ్యాయం తీయండి. కూలిపోయే బబులోను అమ్మిన సరుకుల జాబితా ఉంటుంది. బంగారంతో మొదలై మనుష్యుల ప్రాణాలతో ముగుస్తుంది. పరలోకం గురించి చెప్పడానికి యజమానులకు భయం లేదు, తీర్పు గురించి చెప్పడానికే భయం.

అయినా వాక్యం చేరవలసిన చోటికి చేరింది. జమైకాలో శామ్యూల్ షార్ప్ అనే బానిస బాప్టిస్టు సంఘంలో డీకను, చదువు వచ్చినవాడు. ఇద్దరు యజమానులకు దాసుడుగా ఉండలేరన్న ప్రభువు మాట చదివి, మన యజమాని క్రీస్తు ఒక్కడే అని తోటివారికి బోధించాడు. 1831 క్రిస్మస్ పండుగ తరువాత కూలి ఇస్తేనే పని చేద్దామని ఒప్పందం చేయించాడు. అది ఆయన అనుకున్నట్టు శాంతిగా సాగలేదు. తోటలు తగలబడ్డాయి, సైన్యం వచ్చింది, వందలమంది బానిసలు చంపబడ్డారు. 1832 మే 23న షార్ప్‌ను ఉరితీశారు. మరుసటి ఏడే రద్దు చట్టం వచ్చింది. నిత్యజీవం ఉందని నమ్మినందుకే ఆయన ఈ జీవితాన్ని పణంగా పెట్టగలిగాడు. న్యూటన్ ఓడలో ఉన్నదీ షార్ప్ చేతిలో ఉన్నదీ ఒకటే బైబిలు.

కాబట్టి మా మనవి ఇది. క్షమాపణ సిద్ధాంతం మనిషిని చెడగొడుతుందా అంటే, సగం చెబితే చెడగొడుతుంది. లూకా 19లో జక్కయ్యను ప్రభువు ముందుగా ఏమీ అడగలేదు, ఊరికే ఇంటికి వచ్చాడు. అది కృప. ఆ కృప ఇంట్లో అడుగుపెట్టగానే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మళ్లిస్తానన్నాడు. అప్పుడు ప్రభువు ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు. మళ్లించడం రక్షణకు వెల కాదు, రక్షణ వచ్చిందనడానికి రుజువు. దేవునికి మనం అచ్చిన ఋణం ఆయన కొట్టివేయగలడు. పొరుగువాని బాకీని మన తరఫున ఆయన సముద్రంలో పడవేస్తాడని ఏ వాక్యంలోనూ లేదు.

ఆ పిల్లవానికి మేము ఇచ్చిన జవాబు ఇదే, కానీ అంతకుముందు ఒక పని చేయవలసి వచ్చింది. ఆ తల్లి ఇంటికి పోయి, తెలిసి మౌనంగా ఉన్నందుకు క్షమించమని అడిగాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "మీరు స్తోత్రం అన్నప్పుడే అయ్యా నాకు ఎక్కువ బాధైంది" అంది. తరువాత ఆ సహోదరుని ఇంటికి పోయాము. మొదట కోపపడ్డాడు, రెండు వారాలు ఆరాధనకు రాలేదు. ఇప్పుడు నెలకు రెండు వేలు ఇస్తున్నాడు. ఇంకా చాలా ఉంది. ఆయన కోసం, ఆమె కోసం, మా కోసం ప్రార్థన చేయండి.

ఈ ఆదివారం బల్లయొద్దకు వచ్చేముందు ఎవరికైనా బాకీ ఉంటే, కూలిగాని, అప్పుగాని, అన్నదమ్ముల పొలం గట్టుగాని, జ్ఞాపకం చేసుకుని రండి. మేము కూడా చేసుకుంటాము.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మమ్మును క్షమించినందుకు స్తోత్రము. ఆ క్షమాపణ వెనుక దాక్కోకుండా మమ్మును బయటికి పిలువుము. మేము బాధపెట్టినవారి ముఖం చూచే ధైర్యము, తీసుకున్నది మళ్లించే మనస్సు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.