విన్నవారు, పేరు వ్రాయించుకున్నవారు: ఒంగోలు సంఘపు పట్టిక

తెలుగు బాప్తిస్టు సంఘ చరిత్రలో 1878 జూలై 3వ తేదీని ఎరుగని సేవకుడు ఉండడు. ఆ దినాన ఒంగోలు సమీపంలోని వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను ప్రసంగాలలో తరచు ఉదహరిస్తాము గాని, ఆ పేర్లు సంఘపు పుస్తకంలోనికి ఏ విధంగా చేరాయో అరుదుగా అడుగుతాము. నేడు మన సంఘాల వార్షిక నివేదికలలో సభ్యుల సంఖ్య ప్రక్కనే ప్రసంగాలను వీక్షించిన వారి సంఖ్య కనిపిస్తున్నది గనుక ఈ ప్రశ్న అవసరమని మేము తలంచుచున్నాము.

అమెరికన్ బాప్తిస్టు మిషనెరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చేనాటికి తెలుగులో ముద్రిత నూతన నిబంధన ఉన్నది. 1840లో నెల్లూరు చేరిన తరువాత కరపత్రాల పంపిణీ, వీధి ప్రసంగాలు విరివిగా జరిగాయి. విన్నవారికి కొదువ లేదు. చేరినవారు మాత్రం వ్రేళ్ళమీద లెక్కించదగినంత మంది. 1853లో ఈ మిషనును మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో మరల వచ్చింది. ప్రచార సాధనాల కొరత ఇందుకు కారణం కాదని మా అభిప్రాయం.

మార్పు వేరొక దారిన వచ్చింది. తోళ్ళ వ్యాపారం నిమిత్తం ఏలూరు వైపు వెళ్ళిన యెర్రగుంట్ల పేరయ్య అక్కడ సువార్త విని, తన వారికి తానే చెప్పనారంభించాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. ఒంగోలు సంఘము 1867 జనవరి 1న కేవలం 8 మందితో ఏర్పడినది. అటుపిమ్మట మాదిగ పల్లెలలో బంధుత్వము, వ్యాపారము నడిచిన త్రోవలలోనే వార్త నడిచింది. ఆ వార్త తెచ్చినవానిని ప్రజలు ఎరుగుదురు. అతని నడవడిని కూడా ఎరుగుదురు.

1876-78 కరువు ఈ పట్టికకు అసలు పరీక్ష. జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని వేలాదిమందికి కూలి కల్పించారు. బోధకులు ఆ కూలీల మధ్యనే ఉండి బోధించారు. అనేకులు బాప్తిస్మము కోరారు. అయినను ఏడాదికి పైగా ఆయన ఎవరినీ చేర్చుకోలేదు. కూలి కొరకు, గింజల కొరకు చేరారన్న అపవాదు వారికి గాని సంఘానికి గాని రాకూడదన్నది కారణం. సంఖ్యలు పంపితే స్వదేశంలో సంతోషించేవారు ఎందరో ఉన్న కాలమది! సహాయపు పనులు ముగిసిన తరువాతనే, 1878 జూన్‌లో ద్వారం తెరిచారు. బోధకులు తమ తమ గ్రామాల వారిని విచారించి ముందుకు తెచ్చారు. జూలై 3న బాప్తిస్మమిచ్చినది ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున. క్లౌ దొరగారు స్వయంగా ఇవ్వలేదు. ఆ సంవత్సరాంతానికి సభ్యుల సంఖ్య 12 వేలు దాటింది. ఇంతమందిని ఒక్క స్థలం నుండి కాయడం అసాధ్యం కాగా, 1880వ దశకపు ఆరంభంలో కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రత్యేక కేంద్రాలైనాయి.

ఇరువదవ శతాబ్దంలో వినేవారి సమూహం మరల సభ్యుల పట్టికను దాటిపోయింది. 1970లో సీషెల్స్ దీవుల నుండి ఆరంభమైన ఫెబా రేడియో వంటి ప్రసారాలు గుడి గడప త్రొక్కని ఇండ్లలోనికి వెళ్ళాయి. అట్టి శ్రోతలందరినీ అవిశ్వాసులని త్రోసివేయరాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా ఉండదు. కనుక పేరు వ్రాయించుకొనుట పిల్లల చదువుకు, ఉద్యోగానికి సంబంధించిన నిర్ణయమైనది. పట్టికలో లేని పేరు వెనుక భయముండవచ్చు, ఉదాసీనతయే ఉండనక్కరలేదు.

2020 మార్చి లాక్‌డౌన్‌లో అనేక సంఘాలు యూట్యూబును ఆశ్రయించాయి. అది అవసరమే. అయితే వీక్షకుల సంఖ్యను సభ్యుల సంఖ్యతో కలిపి వ్రాసినచో, ప్రభువు బల్లలో పాలు ఎవరికి, సంఘ సమావేశంలో ఓటు ఎవరికి, సమాధి స్థలంలో చోటు ఎవరికి అనే ప్రశ్నలకు ఆ పుస్తకం జవాబు చెప్పలేదు. విన్నవారికి వేరొక పుస్తకం ఉంచి, అందులో సంఖ్యకు బదులు పేరును, ఊరును, వారిని కలిసివచ్చిన సంఘ పెద్ద పేరును వ్రాయుట మేలని మేము సూచిస్తున్నాము. హోదా విషయంలో భయపడే కుటుంబం ఉన్నచోట ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉండాలో కూడా పెద్దలు ముందుగానే నిర్ణయించుకోవాలి.