కొలతలు చెప్పని వంటకం

మా వీధిలో ఒకావిడ ఉండేది. ఆవిడ పెట్టే చింతకాయ పచ్చడికి చిత్తూరు మొత్తం మీద సాటి లేదనేవాళ్ళు. అడగందే అమ్మైనా పెట్టదు కదా అని, మా అమ్మ ఒకసారి మొహమాటం విడిచి కొలతలు అడిగింది. ఆవిడ నవ్వుతూ కూర్చోబెట్టి అన్నీ చెప్పింది, ఏదో ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి లేని లోటు మా పచ్చడిలో ఏటేటా తెలుస్తూనే ఉండేది. కొన్నాళ్ళకు ఆవిడ పోయింది. ఆవిడతోనే ఆ పచ్చడీ పోయింది. వాళ్ళ కోడలికి కూడా చెప్పలేదట పాపం!

ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొన్నాక ఆవిడ మళ్ళీ గుర్తుకొచ్చింది. పచ్చడికీ ల్యాప్‌టాప్‌కీ ఏమిటమ్మా సంబంధం అంటారా? ఉంది. కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మ వంటల నోటుపుస్తకం అంచులు చిరిగిపోతున్నది. దాన్ని తెలుగులో టైపు చేసి పిల్లలకు తలా ఒక ప్రతి ఇవ్వాలని నా కోరిక. మా చెల్లెలి కొడుకు తిరుపతిలో ఇంజనీరింగు చదువుతున్నాడు. విండోస్ లేని ల్యాప్‌టాప్ అయితే ధర తగ్గుతుంది, అదే తీసుకోమన్నాడు. "లైనక్స్ నేనెక్కిస్తా పెద్దమ్మా, దానికి పైసా కట్టే పనిలేదు" అని ఆదివారం పొద్దున్నే బస్సు దిగాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు తెర వెలిగింది, పాట వినిపించింది, తెలుగు అక్షరాలు కనిపించాయి. వైఫై మాత్రం రాలేదు. ఫోను చేస్తే కొన్న షాపులో కార్డు పోయినట్టుంది, మార్చాలన్నారు. కొన్న నాలుగో రోజుకే కార్డు పోవడమేమిటి, చోద్యం కాకపోతే!

"కార్డు బాగానే ఉండాది పెద్దమ్మా. దాంతో ఎట్లా మాట్లాడాల్నో దీనికి ఇంకా తెలీదు, అంతే" అన్నాడు వాడు.

కంప్యూటరులో ప్రతి భాగానికీ ఒక దుబాసీ కావాలట. ప్రింటరుకొకటి, వైఫైకొకటి, శబ్దానికొకటి. ఆ దుబాసీ ప్రోగ్రామునే డ్రైవరు అంటారు. భాగం తయారుచేసిన కంపెనీ దాని భాష ఏమిటో చెబితే డ్రైవరు రాయడం తేలిక. చెప్పకపోతే మాత్రం మా వీధి చింతకాయ పచ్చడే. తర్వాత వాడిచేత చెప్పించుకుని, నేనూ కొంత చదివి తెలుసుకున్నదేమిటంటే, లైనక్స్ చరిత్ర మొదలైందే ఇలాంటి ఒక చిక్కుతోనని.

సుమారు 1980 నాటి మాట. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థ ఉంది కదా, అక్కడి కృత్రిమ మేధ పరిశోధనశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే యువకుడు ప్రోగ్రాములు రాసేవాడు. అక్కడ అందరికీ కలిపి ఉమ్మడి ప్రింటరు. తన గదిలో కూర్చుని ప్రింటుకు పంపించి, కాసేపాగి వెళ్ళి చూస్తే, కాగితం ఇరుక్కుని ఎప్పుడో ఆగిపోయి ఉండేది. పాత ప్రింటరుకు స్టాల్‌మన్ ఒక ఉపాయం చేశాడు. కాగితం ఇరుక్కోగానే, ఎదురుచూస్తున్న వాళ్ళందరికీ కబురు వెళ్ళేట్టు దాని ప్రోగ్రాము మార్చాడు. ఎవరో ఒకరు లేచి వెళ్ళి సరిచేసేవారు. తర్వాత జిరాక్స్ కంపెనీ ఒక కొత్త లేజర్ ప్రింటరును కానుకగా ఇచ్చింది. అదీ ఇరుక్కునేది. అదే ఉపాయం చేద్దామంటే ఈసారి దాని మూల ప్రోగ్రాము, అంటే మనుషులు చదివి మార్చగలిగే రాత, ఇవ్వలేదు.

ఆ రాత కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఒకాయన దగ్గర ఉందని తెలిసి స్టాల్‌మన్ స్వయంగా వెళ్ళి అడిగాడు. ఎవరికీ ఇవ్వనని కంపెనీకి మాటిచ్చాను, ఇవ్వనన్నాడాయన. కోపంతో మారుమాట లేకుండా వెనుదిరిగానని స్టాల్‌మనే తర్వాత చెప్పుకున్నాడు. మా అమ్మ కూడా ఆ రోజు అలాగే తిరిగొచ్చి ఉంటుంది. కాకపోతే మా అమ్మ ఇంటికొచ్చి అన్నం వార్చింది. స్టాల్‌మన్ ఊరుకోలేదు. 1983 సెప్టెంబరు 27న, ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల, పంచుకోగల పూర్తి వ్యవస్థను తయారుచేస్తానని ప్రకటించాడు. దానికి గ్నూ అని పేరు. 1985లో అందుకోసం ఒక సంస్థ పెట్టాడు. 1989లో ఆ పంపకానికి షరతులు రాశాడు. వాటి సారం ఇదే: తీసుకో, మార్చుకో, ఇంకొకరికివ్వు. కానీ ఇచ్చేటప్పుడు నీకు దొరికిన హక్కులన్నీ వాళ్ళకూ ఇవ్వు, ఏదీ దాచకు.

గ్నూలో పనిముట్లన్నీ ఒకటొకటిగా సిద్ధమయ్యాయి గాని, యంత్రాన్ని నడిపించే నడిమి భాగం, కెర్నెల్ అంటారే, అది మాత్రం తయారు కాలేదు. పొయ్యి లేని వంటిల్లన్నమాట. ఆ పొయ్యి ఫిన్లాండులో అంటుకుంది.

హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ తోర్వాల్డ్స్‌కు అప్పటికి ఇరవయ్యొకటో ఏడు. 1991 జనవరిలో వాయిదాల మీద ఒక కొత్త కంప్యూటరు కొన్నాడు. దాంట్లో మినిక్స్ అనే, విద్యార్థులకు పాఠం చెప్పేందుకు తయారైన వ్యవస్థను ఎక్కించాడు. ఇంట్లోంచి ఫోను లైను మీద యూనివర్సిటీ కంప్యూటరుతో మాట్లాడేందుకు దాంతో వచ్చిన ప్రోగ్రాము నచ్చక, తనే ఒకటి రాసుకున్నాడు. దస్త్రాలు దాచుకోవాలని డిస్కుకు డ్రైవరు రాశాడు. ఇలా ఒకదాని వెంట ఒకటి రాసుకుంటూ పోతే చూస్తుండగానే కెర్నెల్ అయింది! ఆగస్టు 25న మినిక్స్ వాడే వాళ్ళందరికీ కబురు పెట్టాడు. సరదాకి చేస్తున్నాను, పెద్దదేమీ కాదు, నా దగ్గరున్న రకం హార్డ్‌డిస్కు తప్ప ఇంకొకటి దీనికి తెలియదు, బహుశా ఎప్పటికీ తెలియదు అన్నది ఆ కబురు సారాంశం. కొత్త యంత్రం, ఒకే ఒక్క డిస్కు, ఒక కుర్రవాడు. లైనక్స్ పుట్టుక ఇంతే.

అతగాడి అవస్థలూ మన ఇళ్ళల్లోలాంటివే. ఒకసారి మోడెముకు చెప్పాల్సిన ఫోను నంబరు పొరపాటున హార్డ్‌డిస్కుకు చెప్పేశాడు. అందులోని మినిక్స్ కాస్తా పాడైంది. సరేలే అని అప్పటినుంచీ పూర్తిగా సొంత లైనక్స్ మీదకే మారిపోయాడు. ఇంకోసారి జర్మనీ నుంచి ఒకాయన, నా కంప్యూటరులో రెండే మెగాబైట్ల జ్ఞాపకశక్తి ఉంది, లైనక్స్ తయారుచేసుకోవడానికి అది చాలడం లేదు అని రాశాడు. లైనస్‌కు ఆ అవసరం లేదు. అయినా 1991 క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని, జ్ఞాపకశక్తి చాలనప్పుడు డిస్కులో కొంత చోటు వాడుకునే ఏర్పాటు రాసిపెట్టాడు. చిన్న గిన్నెలోనూ అన్నం ఉడకాలి కదా!

వాడుకున్నవాళ్ళు డబ్బు పంపుతామంటే, వద్దు, మీ ఊరినుంచి ఒక పోస్టుకార్డు రాయండి చాలు అన్నాడు. జపాను, న్యూజిలాండు, హాలండు, అమెరికాల నుంచి కార్డులు రావడం మొదలయ్యాక, అన్న రాత్రింబవళ్ళు చేస్తున్న పని ఏదో గొప్పదేనని వాళ్ళ చెల్లెలికి మొదటిసారి అనుమానం వచ్చిందట. చివరికి కొందరు అభిమానులే చందాలు పోగుచేసి ఆ కంప్యూటరు వాయిదాలు తీర్చేశారు. 1992లో లైనక్స్‌ను స్టాల్‌మన్ షరతుల కిందికే తెచ్చాడు. అలా పొయ్యీ వంటసామగ్రీ ఒక ఇంట్లో చేరాయి.

ఇక్కడితో శుభం అని కార్డు వేసేయొచ్చు గాని, మా వైఫై కథ మిగిలే ఉంది.

లైనక్స్ పెద్దదయ్యేకొద్దీ కొత్త కొత్త పరికరాలు బజారుకొచ్చాయి. చాలా కంపెనీలు విండోస్‌కు డ్రైవరు రాసిచ్చి చేతులు దులుపుకున్నాయి. తమ చిప్పు భాష ఏమిటో బయటికి చెప్పలేదు. 2000 తర్వాత ల్యాప్‌టాప్‌లలో వైఫై వచ్చేసరికి ఈ బాధ ముదిరింది. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులకు కొందరు ఔత్సాహికులు చేసిన ఏర్పాటు వింటే మీరు మెచ్చుకుంటారు. రెండు జట్లుగా విడిపోయారు. ఒక జట్టు కంపెనీ డ్రైవరును పరిశీలించి, చిప్పుకు ఎప్పుడు ఏ మాట చెబుతున్నదో కాగితం మీద పెట్టింది. రెండో జట్టు కంపెనీ డ్రైవరు ముఖం చూడకుండా, ఆ కాగితాలు మాత్రమే చదివి కొత్త డ్రైవరు రాసింది. కాపీ కొట్టారనే మాట పడకూడదని అంత జాగ్రత్త. పొరుగింటి పచ్చడి ఒకరు రుచి చూసి దినుసులు రాస్తే, రుచి చూడని ఇంకొకరు ఆ చీటీ పట్టుకుని పెట్టినట్టు! ఆ డ్రైవరు 2006లో లైనక్స్‌లో చేరింది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామే దిగొచ్చి, తన కొత్త చిప్పులకు మూల ప్రోగ్రాముతో సహా డ్రైవరు ఇచ్చింది.

బొమ్మలు చూపించే చిప్పుల కంపెనీ ఎన్విడియా మీద 2012లో ఫిన్లాండులోనే ఒక సభలో లైనస్ కోపం పట్టలేక అనరాని మాట అని, చూపరాని వేలు చూపించాడు. ఆ కంపెనీ తన డ్రైవరులో కెర్నెల్‌కు సంబంధించిన భాగాన్ని 2022 మే నెలలో బయటపెట్టింది. పదేళ్ళు! లోపలి దినుసులు కొన్ని ఇంకా చెప్పలేదనుకోండి, అది వేరే మాట.

మన తెలుగుకూ ఈ కథలో పాలుంది. లైనక్స్ పుట్టిన 1991లోనే, అక్టోబరులో, ప్రపంచ భాషలన్నిటికీ ఒకే అక్షర పట్టికగా యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది. అందులో తెలుగు ఉంది. అయితే పట్టికలో ఉన్నంత మాత్రాన తెరమీద ఒత్తులు కుదరవు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు కలిస్తేగాని ఆమె నిలబడదు. సరైన ఫాంటు, కూర్పు ప్రోగ్రాము లేని కంప్యూటర్లలో ఆమె ముక్కలు ముక్కలుగా కనిపించేది. హైదరాబాదు కేంద్రంగా 2005లో మొదలైన "స్వేచ్ఛ" అనే సంస్థ, కంప్యూటరు మొత్తం తెలుగులో మాట్లాడాలనే పట్టుదలతో డెబియన్ అనే లైనక్స్ కూర్పును తెలుగు చేసింది. ఫాంట్లు గీసినవాళ్ళు, ఫైలుకు దస్త్రం వంటి పాతమాటలు వెతికి తెచ్చి అనువదించినవాళ్ళు, తమ కొలువులు చేసుకుంటూనే తీరిక వేళల్లో ఈ పని చేసినవాళ్ళు ఎందరో. మా అమ్మ పుస్తకం నేనీరోజు టైపు చేస్తున్నానంటే వాళ్ళ చలవే.

2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది. మన "జ్ఞా" అక్షరాన్ని ఒక ప్రత్యేకమైన కూర్పులో ఎవరైనా పంపితే ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో ఆ ఆప్‌లు కుప్పకూలిపోయేవి. జ్ఞానం తట్టుకోలేకపోయాయి పాపం! కంపెనీ ఆ నెలలోనే మరమ్మతు పంపింది గాని, అంతవరకూ వాడేవాళ్ళు కాచుక్కూచోవడం తప్ప చేయగలిగిందేమీ లేకపోయింది. మూత తీసే హక్కు వాళ్ళకు లేదు మరి.

సరే, మా ఇంటి ముచ్చట. మావాడు చెప్పింది నిజమే. ఈ లైనక్స్ కూర్పు తయారైననాటికి మా ల్యాప్‌టాప్‌లోని వైఫై చిప్పు ఇంకా బజారుకే రాలేదు. తర్వాత వచ్చిన కెర్నెల్‌లో దానికి డ్రైవరు చేరింది. దానితోబాటు చిప్పులో పొయ్యాల్సిన ఫర్మ్‌వేర్ అనే చిన్న దస్త్రం కూడా కావాలి. అవి రెండూ ఇంటర్నెట్టులో ఉన్నాయి. ఇంటర్నెట్టు రావాలంటే అవి రెండూ కావాలి. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపేసినట్టయింది!

వాడు నవ్వి, నా ఫోనును ఛార్జింగు వైరుతోనే ల్యాప్‌టాప్‌కు తగిలించాడు. ఫోనులోని ఇంటర్నెట్టు ఆ వైరుగుండా ఇటు వచ్చింది. కొత్త కెర్నెల్, ఆ చిన్న దస్త్రం దిగాయి. ఆపి మళ్ళీ వెలిగిస్తే, మా వీధిలోని వైఫై పేర్లన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. కార్డు మార్చలేదు, రూపాయి ఖర్చు కాలేదు. ఇంకో వింత, ఆ ఆండ్రాయిడ్ ఫోనులోనూ నడిచేది లైనక్స్ కెర్నెలేనట. అక్క వచ్చి చెల్లెల్ని ఆదుకున్నట్టయింది.

ఇక బయల్దేరతాడనుకుంటే మావాడు మళ్ళీ కూర్చుని ఏదో రాస్తున్నాడు.

"ఏమ్రా, ఇంకా ఏముంది? బస్సు పోతుంది."

"ఈ మోడలుకు ఏ కెర్నెల్ పెడితే వైఫై వచ్చిందో రాసి పెడతా ఉండా పెద్దమ్మా. ఎవరో రాసింది చూసే కదా నేనూ చేసినా. రేపు ఇంకొకరు ఇదే కొంటే వెతుక్కోకూడదు కదా."

నాకు మా వీధి ఆవిడ కళ్ళముందు కదిలింది. అంత మంచి చేయి, అన్నేళ్ళ అనుభవం. ఒక్క దినుసు దాచుకుని ఆవిడ బావుకున్నదేమీ లేదు. మనకు పోయింది మాత్రం ఒక రుచి.

వాడు వెళ్ళిన రాత్రే అమ్మ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. మొదట మా ఊరుబిండి రాశాను. చెనిక్కాయలు ఎంతసేపు వేయించాలో, చింతపండు ఎప్పుడు వెయ్యాలో, ఎక్కడ బరకగా ఆపాలో, ఏదీ దాచకుండా రాశాను. ఉప్పు దగ్గర మాత్రం ఎంత ఆలోచించినా అమ్మ రాసినట్టే "తగినంత" అని రాయక తప్పలేదు. దానికి డ్రైవరు ఇంకా ఎవరూ రాయలేదు మరి!