ట్రాక్ పాట

ముందే రికార్డు చేసిన వాద్యసంగీతం స్పీకర్లలో వస్తుంటే వేదికపై గాయకులు గొంతు కలిపే పద్ధతి. ఆ సంగీతాన్ని ట్రాక్ అనీ, కరావోకే అనీ అంటారు. 1970లలోనే రాక్ బృందం ‘ది హూ’ కచేరీల్లో సింథసైజర్ టేపు నడిచేది. డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్స్‌లో దాన్ని వింటూ లయ కలిపేవాడు. ‘క్వీన్’ కూడా ‘బొహీమియన్ రాప్సడీ’లోని ఒపెరా భాగాన్ని టేపుకే వదిలేసింది.

తెలుగు సినీ గాయకుడు ఘంటసాల 1971లో యూరప్, అమెరికాల్లో పాడినప్పుడు మాత్రం ట్రాక్ కాదు, ఉత్తరాంధ్రవాడైన పట్రాయని సంగీతరావు పక్కనే హార్మోనియం వాయించారు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా చోడవరం వంటి ఊళ్లలో వినాయక చవితి పందిరికి ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు చాలు. ఖర్చు బాగా తగ్గుతుంది, కొత్త గాయకులకు అవకాశమూ దొరుకుతుంది. కానీ ట్రాక్ ఎవరికోసమూ ఆగదు. చరణం ఎత్తుకోవడం ఒక్క మాత్ర ఆలస్యమైతే గాయకుడే పరుగెత్తి అందుకోవాలి. అదే తబలా కళాకారుడైతే గాయకుడి ముఖం చూసి ఇంకో ఆవర్తనం వేస్తాడు. ‘వన్స్‌మోర్’ అన్న చోటే పల్లవిని మళ్లీ అందుకోవడం కూడా అతనుంటేనే సాధ్యం. ఈ పద్ధతి వల్ల అసలైన నష్టం పనులు తగ్గిన ఆ వాద్యకారులదే.