మూత్రాశయము లేని జీవితము

శస్త్రవైద్య చరిత్ర వ్రాసినవారు చాలకాలము రోగి ఎన్నాళ్లు బ్రతికినాడన్న లెక్కతోనే తృప్తి పడినారు. ఎట్లు బ్రతికినాడని అడుగుట ఇటీవలి అలవాటు. మూత్రాశయానికి రాచపుండు పుట్టినవారి విషయంలో ఈ రెండవ ప్రశ్నను తప్పించుకొనుటకు వీలులేదు. అవయవాన్ని కోసి తీసివేయవచ్చును; మూత్రపిండాలు తమ పని మానవు గదా! రేయింబవళ్లు చుక్కచుక్కగా దిగివచ్చే ఆ నీటికి త్రోవ ఏది?

1887లో జర్మనీలోని కొలోన్ నగరంలో బార్డెన్‌హాయర్ అను వైద్యుడు ఈ వ్యాధికి తొలిసారిగా మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించినాడు. మూత్రనాళాలను మాత్రము మరి యెచ్చటను కలుపలేకపోయినాడు. రోగి రెండు వారాలు జీవించి, బయటికి పోవలసిన మలినాలు రక్తంలో నిలిచి మరణించినాడు.

ప్రేగును ఆశ్రయించవచ్చునన్న ఊహ అంతకు పూర్వమే ఉన్నది. పుట్టుకతోనే మూత్రాశయము వెలుపలికి తెరచుకొని ఉన్న ఒక బాలునికి లండనులో జాన్ సైమన్ ఇట్టి ప్రయత్నము చేసి, 1852లో ప్రకటించినాడు. అమెరికాలో కాఫీ అను వైద్యుడు (పేరు అట్టిదే, శ్రోతలు నవ్వరాదు) 1911లో నాళాన్ని పెద్దప్రేగు గోడలో కొంతదూరము సొరంగమువలె నడిపి కలిపే పద్ధతిని వివరించినాడు. దేహంపై సంచి అక్కరలేదు. మలద్వారమే మూత్రానికి కూడ మార్గము. కాని మలంలోని క్రిములు పైకెగబ్రాకి మూత్రపిండాలను చెరచినవి. మూత్రంలోని లవణాలను ప్రేగు తిరిగి పీల్చుకొనగా రక్తంలో ఆమ్లము పెరిగినది.

1950లో సెయింట్ లూయిస్ నగరపు బ్రికర్ వెలువరించిన పద్ధతి ఈ చిక్కును చాలవరకు తీర్చినది. చిన్నప్రేగులో జానెడు ముక్కను వేరుచేసి, దానికి మూత్రనాళాలను కలిపి, ఒక కొనను పొట్టపై తెరచినాడు. అది నీరు నిలిచే చెరువు కాదు, పారే కాలువ. ఆ నోటికి సంచి అతికించవలెను. నేటికీ లోకంలో విరివిగా జరుగుతున్నది ఈ శస్త్రచికిత్సయే. దానితో బ్రతుకు సాగుతుంది. కాని సంచి ఊడునేమో, వాసన వచ్చునేమో అన్న బెరుకు పెండ్లిపందిటికి కూడ వెంట వస్తుంది.

సంచి లేకుండ చేయలేమా? ఫ్రాన్సులో కామే 1958 నుండి ప్రేగుతోనే కొత్త మూత్రాశయము కట్టి మూత్రమార్గానికి కలుపసాగినాడు. అయితే ప్రేగుకు ముడుచుకొని ముందుకు నెట్టుట స్వభావము. గొట్టముగా ఉన్నంతకాలము అది మూత్రాన్ని నిలువనీయదు. దానిని నిలువునా చీల్చి, మడిచి, బంతివలె కుట్టినచో ఆ నెట్టుడు చెదరిపోవును, లోపలి ఒత్తిడి తగ్గును. 1980ల దశకంలో స్విట్జర్లండులో స్టూడర్, జర్మనీలో హౌట్‌మన్ ఈ సూత్రముతో సాధించిన ఫలితము మెచ్చదగినది.

అయినను అది అరువు సొత్తే. నిండినదన్న కబురు మునుపటివలె మెదడుకు చేరదు. గడియారము చూచి లేవవలెను. అర్ధరాత్రి గంట మ్రోగించుకొని లేవనివారికి పక్క తడియును. కొందరు, అందును స్త్రీలు హెచ్చుగా, గొట్టము పెట్టుకొని ఖాళీ చేసికొనవలసి వచ్చును.

తరువాతి కాలంలో ప్రశ్నపత్రాలతో రోగులనే అడిగినారు. కొత్త మూత్రాశయమువారు సంచివారికంటె ఎంతో సుఖముగా ఉందురని వైద్యులు ఆశించినారు; అట్టి స్పష్టమైన తేడా తేలలేదు. ఈ పోలికలో ఒక మెలిక ఉన్నది. కొత్త మూత్రాశయము సాధారణముగా వయసులో చిన్నవారికి, దృఢకాయులకు అమర్చుదురు. చీటీలు వేసి పంచినట్లు పంచలేదు గనుక, ఏది చికిత్స గుణమో ఏది మనిషి గుణమో విడదీయుట కష్టము. పైగా మనిషి దేనికైనను అలవాటు పడును. వైద్యులు దీనిని తమ విజయముగా వ్రాసికొనుట నాకు సమంజసముగా తోచదు.

అసలు అవయవాన్ని తీయకుండుట మరియొక దారి. పైపొరకే పరిమితమైన పుండుకు క్షయ టీకామందును మూత్రాశయంలో నింపే చికిత్సను కెనడాలో మొరాలెస్ 1976లో ప్రకటించినాడు. కండరానికి దిగిన పుండుకు కిరణచికిత్సతోపాటు మందులు కూడ ఇచ్చిన మేలు అని 360 మందిపై బ్రిటనులో జరిగిన పరీక్ష 2012లో వెల్లడించినది. వీరికి సొంత మూత్రాశయము దక్కును. పుండు మరల మొలచినదేమోనని దీపపు గొట్టముతో ఏళ్లతరబడి లోపల చూపించుకొనుచుండవలెను, కొందరికి తుదకు కోత తప్పదు.

సంచి తప్పనివారికి శస్త్రచికిత్సకు ముందుగానే, శిక్షణ పొందిన నర్సు రోగిని కూర్చుండబెట్టి, నిలుచుండబెట్టి, వంగమని, మొలకట్టు ఎచ్చట బిగియునో, పొట్ట ఎచ్చట మడత పడునో చూచి, రంధ్రము ఉండవలసిన చోట సిరాతో గుర్తు పెట్టును. ఆ గుర్తు రోగి కంటికి ఆనవలెను, చేతికి అందవలెను.