ఎక్కం, లెక్క, ఆట

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టర్ ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. నాటు బడుల వివరాలు కావాలని గవర్నర్ థామస్ మన్రో అంతకు ముందు ఏడాది అడిగాడు. దానికి జవాబు అది. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి పంపేశారు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన క్యాంప్‌బెల్‌కు మాత్రం పట్టికతో తృప్తి కలగలేదు. బడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు.

పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఎక్కువ. పదోవాడికి ఎన్నో ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే తేల్చుకోవచ్చు. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. రోజుకు రెండుసార్లు పిల్లలంతా వరసగా నిలబడితే, పెద్ద తరగతివాడు ఒకడు చెప్పించేవాడు, మిగతావాళ్లు అందుకునేవారు. కూడిక, గుణకారం, కొలతలు, తూకాలు, భిన్నాలు అన్నింటికీ ఎక్కాలే. ఆ భిన్నాలు మన దశాంశాల్లా పదేసి చొప్పున కాక నాలుగేసి చొప్పున దిగేవి. ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం.

అర్థం తెలియకుండా వల్లించడాన్ని చిలక పలుకులతో పోల్చి క్యాంప్‌బెల్ అప్పుడే ఎత్తిపొడిచాడు. బట్టీ చదువును తిట్టేవాళ్లు ఈ మాట తరచుగా గుర్తుచేస్తారు. అయితే ఆయన ఆ మాట అన్నది పద్యాల గురించి. ఎక్కాల జోలికి పోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు: బడి గుమ్మం దాటితే బజారు, అక్కడ ప్రతి ఎక్కానికీ పని ఉంది.

ఎలాంటి పనో చూడండి. అప్పట్లో రూపాయికి 16 అణాలు. మణుగుకు 8 వీశెలు, వీశెకు 5 సేర్లు, సేరుకు 8 పలాలు. మణుగు బెల్లం రెండు రూపాయలైతే వీశె ఎంత? రెండు రూపాయలంటే 32 అణాలు, ఎనిమిది నాలుగులు ముప్పై రెండు, కాబట్టి వీశె నాలుగు అణాలు, అంటే పావలా. కాగితం లేదు, కలం లేదు. తరవాతి రోజుల్లో ‘నోటిలెక్కలు’ అని తరగతుల్లో విడిగా చెప్పించినవి ఇవే. పదహారో ఎక్కం దాకా పిల్లల్ని లాక్కెళ్ళింది రూపాయే.

చెవితో నేర్చే చదువుకు ఇంకో బలం ఉంది. 1907లో కడప జిల్లా కల్లూరులో పుట్టిన లక్కోజు సంజీవరాయ శర్మగారికి పుట్టుకతోనే చూపు లేదు. అక్క ఇంట్లో పాఠాలు పైకి చదువుతుంటే విని నేర్చుకున్నారని చెబుతారు. పెద్దయ్యాక ఊరూరా గణితావధానాలు చేశారు. పలక మీద తప్ప లెక్క నేర్పడం తెలియని బడి ఆయనకు ఏం ఇవ్వగలిగేది?

కథ కట్టి లెక్క అడగడం ఈ వీధి బడుల కంటే చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలు అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం అది. మహావీరుడి లెక్క ఒకటి ఇలా ఉంటుంది. ఒక కుప్పలో మామిడిపళ్ళున్నాయి. రాజు ఆరో వంతు తీసుకున్నాడు. మిగిలినదానిలో రాణి ఐదో వంతు తీసుకుంది. ఆపైన ముగ్గురు రాకుమారులు వరసగా, మిగిలినదానిలో నాలుగో వంతు, మూడో వంతు, సగం తీసుకున్నారు. చివరి పిల్లవాడికి మూడు పళ్ళు దక్కాయి. మొత్తం ఎన్ని?

చూడబోతే భిన్నాల అడవి. విప్పితే అందరికీ మూడేసి పళ్ళే: మూడార్లు పద్దెనిమిది. ఇంత భయపెట్టి చివరికి మూడో ఎక్కంలో దింపాడంటే ఆయనకు పిల్లల మనసు తెలిసే ఉండాలి. 12345679ని 9తో హెచ్చవేస్తే తొమ్మిది ఒకట్లు వరసగా వచ్చే వింత కూడా ఆ పుస్తకంలోదే. హారంలా కనిపించే ఇలాంటి జవాబుల కోసం ఆయన పనిగట్టుకుని వెతికాడు. భాస్కరుడి లెక్కల పుస్తకం లీలావతి 1150 నాటిది. అందులో తుమ్మెదలూ నెమళ్ళూ లెక్కల్లోకి వచ్చి పడతాయి.

ఇక ఆట. క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం బళ్ళారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. మిగతా ఆడపిల్లలకు ఎక్కాలు చెప్పించినవారు లేరు. కానీ అరుగుల మీద వామన గుంటలు ఉన్నాయి. ఏడేసి గుంటల వరసలు రెండు, గుంటకు ఇన్నని చింతపిక్కలు. తీసిన పిక్కలు ఎక్కడిదాకా వస్తాయో చేయి పెట్టకముందే చూసుకోవాలి. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. పందెం వేసే చేతికి లెక్క అలవాటవుతుంది. దీన్ని బడి చాలాకాలం చదువుగా ఒప్పుకోలేదు. ఆడుకుంటున్నారని కసిరింది కూడా.

అంటే ఎక్కం బడిలో, లెక్క బజారులో, ఆట అరుగు మీద ఉన్నాయి. మూడూ ఒకే ఊళ్ళో ఉన్నంతకాలం పిల్లలు వాటి మధ్య తిరుగుతూ ఉండేవారు.

1957 ఏప్రిల్ 1న అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. మరుసటి ఏడాది నుంచి కిలోలు వచ్చాయి. మంచి మార్పే, ఎవరూ వెనక్కి పోవాలని కోరరు. కానీ పదహారో ఎక్కం కింద ఉన్న నేల జారిపోయింది. పెద్ద బాలశిక్షల్లో, ఎక్కాల పుస్తకాల్లో అది అలాగే అచ్చవుతూ వచ్చింది. పిల్లలు వల్లిస్తూనే ఉన్నారు, దేనికో చెప్పేవాళ్లు తగ్గారు. చిలక పోలిక ఎక్కాలకు నిజంగా తగిలింది ఇక్కడే అని నా అభిప్రాయం.

ఆటను బడిలోకి తేవాలన్న ప్రయత్నం మన దగ్గర గట్టిగా సాగింది 1980ల్లో. బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం పిల్లలు చేసి నేర్చుకోవాలని పంతుళ్లకు శిక్షణ ఇచ్చింది. గింజలూ పుల్లలూ తరగతిలోకి వచ్చాయి. అదే రోజుల్లో మదనపల్లె దగ్గర రిషివ్యాలీవారు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు తయారుచేశారు. ఒక్కో కార్డూ నిచ్చెనలో ఒక మెట్టు, మధ్యమధ్య ఆటలు, ఎవరి వేగం వారిది. ముందున్న పిల్లలు వెనకున్నవాళ్లకు సాయం చేస్తారు. ఈ చివరి సంగతి క్యాంప్‌బెల్ చూస్తే గుర్తుపట్టేవాడు.

అయితే ఆట ఆడిస్తే చాలదని తేలింది. ఢిల్లీలో బడికి ముందు వయసు పిల్లలతో సంఖ్యల ఆటలు ఆడించి చూసిన పరిశోధన 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎక్కువ తక్కువలు పోల్చుకునే నేర్పు వాళ్లకు పెరిగి, నిలిచింది కూడా. బడిలో నేర్పే లెక్కల్లో మాత్రం దాని ఫలితం కనిపించలేదు. 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకు అమ్మే పిల్లలది. బేరం మధ్యలో నోటితో చకచకా లెక్కగట్టినవాళ్లు, అలాంటి లెక్కే కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఎవరి లెక్క వారి దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు ఫోన్లలో ఎక్కాల ఆటలు బోలెడు. చాలావాటిలో ఉన్నది పాత వల్లింపే, పైన గడియారం పెట్టి చుక్కలు ఇస్తారు. వేగం కోసం పనికొస్తాయి, నేను కాదనను. కానీ ఏడెనిమిదులు ఎంతో మరిచిపోయిన పిల్లవాడికి దారి చూపించేవి తక్కువ.

ఆ దారి వామన గుంటల్లో ఉంది, అడిగేవాళ్లుంటే. గుంటకు నాలుగేసి పిక్కలు వేయించి, ఆట మొదలుకాకముందే మొత్తం ఎన్నని అడగాలి. కొందరు ఒక్కొక్కటే లెక్కపెడతారు. కొందరు పద్నాలుగు నాలుగులు ఎంతో తెలియక ఆగిపోతారు. ఎదురెదురు గుంటలు జతకట్టి చూసినవాడికి ఏడు జతలు, జతకు ఎనిమిది పిక్కలు కనిపిస్తాయి. దాన్ని వాడి చేతే పలక మీద 14 × 4 = 7 × 8 అని రాయించి, అప్పుడు ఆట మొదలుపెట్టించవచ్చు. పద్నాలుగో ఎక్కం వాడికి ఇంకా రాదు. యాభై ఆరు మాత్రం వచ్చింది.