మేవాడు: వీరగాథ వెనుక రైతు

మేవాడు పేరు వినగానే మనకు చిత్తోడ్ కోట, హల్దీఘాటీ యుద్ధం, రాణాప్రతాపుడు జ్ఞప్తికి వస్తారు. దుర్భాక రాజశేఖర శతావధాని కావ్యం మూలంగా ఆ వీరగాథ తెలుగు పాఠకులకూ సుపరిచితమే. కాని 1576తో మేవాడు చరిత్ర ఆగిపోలేదు. ఆ ప్రతాపుని వంశీయులే ఆంగ్లేయుల నీడన సుమారు నూటముప్పై సంవత్సరాలు రాజ్యం చేశారు. ఆ కాలంలో అక్కడి రైతు ఎట్లా బ్రతికాడో వీరగాథలు చెప్పవు.

1818 జనవరి 13న మహారాణా భీమ్‌సింగ్ కంపెనీతో సంధి చేసుకున్నాడు. మరాఠా సేనల, పిండారీల దోపిడులతో దేశం అప్పటికే గుల్లయిపోయి వుంది. సంధి ప్రకారం మొదటి 5 సంవత్సరాలు రాజ్యాదాయంలో నాల్గవవంతు, ఆపైన శాశ్వతంగా ఎనిమిదింట మూడువంతులు కంపెనీకి కప్పం కట్టాలి. తరువాత దీనిని నిర్ణీతమైన రొఖ్ఖంగా మార్చారు. మొదటి పొలిటికల్ ఏజెంటుగా వచ్చిన జేమ్స్ టాడ్, 1829లోను 1832లోను రెండు సంపుటాలుగా రాజస్థాన చరిత్ర ప్రకటించాడు. రాజపుత్ర శౌర్యాన్ని లోకానికి చాటినవాడూ, ఆ రాజపుత్రులను కంపెనీకి సామంతులుగా నడిపినవాడూ ఒక్కడే కావడం గమనించదగిన విషయం.

ఈ రక్షణ ఎవరికి? పూర్వం రాణాకు యుద్ధంలో ఠాకూర్ల అండ కావాలి, ఠాకూరుకు తన పల్లెల అండ కావాలి. రైతు అలిగి పొరుగుసీమకు తరలిపోతే కోట నిలవదు. ఆంగ్లేయుల తుపాకి కాపలాకు వచ్చిన తరువాత ఆ భయం సన్నగిల్లింది. కప్పం భారం, దర్బారు ఖర్చు, జాగీర్దారు విలాసం అన్నీ పొలం మీదకే దిగినవి.

ఇందుకు బిజోలియా జాగీరు చక్కని ఉదాహరణ. శిస్తు గాక అక్కడ 84 రకాల పన్నులుండేవి. దానికి తోడు వెట్టిచాకిరి. నిజాం ఏలుబడిలోని తెలంగాణా పల్లెలు ఎరిగినదే అది. 1897లోనే రైతులు ఉదయపూరు వెళ్ళి మొరపెట్టుకున్నారు. 1903లో జాగీర్దారు ఆడపిల్ల పెళ్ళికి 5 రూపాయల పన్ను వేశాడు. రైతులు పెళ్ళిళ్ళే మానుకున్నారు, పన్ను రద్దయింది. 1906లో కొత్త జాగీర్దారు గద్దెనెక్కినందుకు రాణాకు చెల్లించవలసిన రుసుమును కూడా రైతుల నెత్తినే రుద్దాడు. సాధు సీతారామదాసు, ఆ తరువాత విజయసింగ్ పథిక్, మాణిక్యలాల్ వర్మ ఉద్యమాన్ని నడిపారు. ప్రథమ ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధనిధికి చందాలివ్వబోమని రైతులు నిరాకరించారు. కాన్పూరు నుండి గణేశశంకర విద్యార్థి నడిపిన 'ప్రతాప్' పత్రిక వారి గోడును దేశానికి వినిపించింది.

నాటి మహారాణా ఫతేసింగ్ 1911 ఢిల్లీ దర్బారులో తెల్లదొరకు తలవంచలేదని దేశమంతా మెచ్చుకున్నది. ఆ అభిమానం బూటకం కాదు. కాని ఆయన పాలనలోనే బిజోలియా రైతు తలవంచి వెట్టి చేశాడు. 1921లో రైతుల అలజడి, మోతీలాల్ తేజావత్ నాయకత్వాన భీలుల కదలిక ముదరగానే ఆంగ్లేయులు ఆయన అధికారాలను కుమారునికి అప్పగింపజేశారు. పొగరుబోతు రాజును పదేళ్ళు సహించిన ప్రభుత్వం, రైతులను అదుపు చేయలేని రాజును సహించలేకపోయింది.

1922లో గవర్నర్ జనరల్ ఏజెంటు హాలెండ్ స్వయంగా రాజీ కుదిర్చి 35 పన్నులు ఎత్తివేయించాడు. జాగీరు మాట తప్పింది. 1927లో రైతులు నిరసనగా మెట్టభూములు వదులుకున్నారు. జాగీరు వాటిని ఇతరులకు వేలం వేసింది. ఆ భూముల కోసం 1941 దాకా పోరాడవలసి వచ్చింది. పొలం విడిచి పోరాడటం ఎంత ప్రమాదమో రైతాంగోద్యమాలకు ఇది నేర్పిన పాఠం.

1948 ఏప్రిల్‌లో మేవాడు చేరికతో ఏర్పడిన సంయుక్త రాజస్థాన్‌కు మహారాణా రాజప్రముఖుడయ్యాడు. ఒకప్పుడు బిజోలియా జాగీరులో కొలువు చేసిన మాణిక్యలాల్ వర్మ ప్రధానమంత్రి అయ్యాడు. జాగీర్ల రద్దుకు 1952లో శాసనం వచ్చింది. ఆ శాసనానికి తొలి అక్షరాలు దిద్దింది పెళ్ళిపన్ను కట్టమన్న రైతులే. మేవాడు చరిత్ర బోధించే ఉపాధ్యాయుడు హల్దీఘాటీ పక్కన బిజోలియానూ చెప్పితేనే ఆ పాఠం పూర్తవుతుంది.